పర్లాకిమిడిలో మాష్టారి ఫారాల షాపు: నాలుగు నక్షత్రాలు

ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకి డబ్బులిచ్చే సుభద్ర పథకం ఫారం నింపించుకోవడానికి నేను మూడు చోట్ల తిరిగాను. మూడోది ఈ మాష్టారి షాపు. మొదటి రెండు చోట్ల ఏమైందో చెప్తే గానీ ఈయనకి నాలుగు నక్షత్రాలు ఎందుకిచ్చానో, ఐదోది ఎందుకు నొక్కలేదో మీకు తెలీదు.

మొదటి చోట రెండు వందలు అడిగారు. ఫారం ఊరికే ఇస్తారు, అంగన్‌వాడీలో అడిగినా ఇస్తారు. "ఫారానికి కాదు మేడం, సర్వీసుకి" అన్నాడు అక్కడి కుర్రాడు. ఆ సర్వీసు కూడా చూశాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎవరితోనో క్రికెట్ మాట్లాడుతూ నా పేరు రాస్తున్నాడు. లేచి వచ్చేశాను. రెండో చోట డబ్బులడగలేదు, కానీ రేషన్ బియ్యం ఇచ్చే రోజులా తోపులాట. నా ఆధార్ చూసి "పేరు తేడా ఉంది, కుదరదు" అని కాగితాలు వెనక్కి తోసేశారు. ఏం తేడానో, దాన్ని ఎక్కడ సరిచేసుకోవాలో చెప్పే ఓపిక ఎవరికీ లేదు.

నేను బ్లౌజులు కుడతాను. ఫాల్స్, పీకో కూడా. పుట్టిల్లు పాతపట్నం. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళ కిందట పర్లాకిమిడి వచ్చాను. ఆటో ఎక్కితే పావుగంట దూరం. మధ్యలో రాష్ట్రం మారుతుందన్న సంగతి పెళ్ళి చూపుల్లో ఎవరికీ పట్టలేదు. కాగితాలు మొదలయ్యాకే తెలిసింది. మా అమ్మ నాకు పెట్టిన పేరు "వ"తో మొదలవుతుంది. ఒడియాలో "వ" వచ్చిన చోట "బ" రాస్తారు, బ అనే పలుకుతారు. వెంకటేశ్వర్లు ఇక్కడ బెంకటేశ్వర్ అయిపోతాడు. అలా ఆధార్ రాసినాయన ఒడియాలో విని, ఇంగ్లీషులో కూడా బీ కొట్టేశాడు. బ్యాంకు పుస్తకంలో మాత్రం వీ ఉంది. ఇదీ ఆ తేడా. దీన్ని నాకు మొదటిసారి విడమరిచి చెప్పింది ఈ మాష్టారే, అదీ బల్ల మీద సుద్దముక్కతో రాసి చూపించి.

అవును, షాపులో నల్లబల్ల ఉంది. మూతపడిన ఏదో బడి సామాను వేలంలో కొన్నారట, దాంతోపాటే రెండు బెంచీలు కూడా. బెంచీల మీద ఎవరో పిల్లలు కంపాసుతో చెక్కిన పేర్లు ఇంకా ఉన్నాయి. షాపు మెయిన్ రోడ్డు మీద ఉండదు, వెనక సందులో, ఇరుకుగా ఉంటుంది. లోపల ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మిషను. గోడ మీద జగన్నాథుడు, ఆయన పక్కన గిడుగు రామమూర్తి పంతులు గారి పటం. ఇది చూసి నాకు భలే ముచ్చటేసింది. పంతులు గారు మా ఊళ్ళోనే రాజా వారి బడిలో మాష్టరుగా పనిచేశారు. మాట్లాడే తెలుగే రాయాలని పోట్లాడింది ఆయనే, ఆగస్టు 29న తెలుగు భాషా దినం అంటూ దండలు వేసేది ఆయనకే. గిరిజనుల సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం పుస్తకాలు రాసి, బళ్ళు పెట్టి, 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపేసరికి ఉండలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఊరు వదిలేసి పోయిన తెలుగు మాష్టరు పటాన్ని ఇంట్లో ఒడియా మాట్లాడే మాష్టరు తన షాపులో పెట్టుకున్నాడు. కారణం అడిగితే "సవర వాళ్ళు వచ్చినప్పుడు ఆయన్ని చూసి రెండు మాటలు నేర్చుకోవాలనిపిస్తుందమ్మా" అన్నారు. నిజంగానే రెండు మాటలే వచ్చు ఆయనకి. కూర్చో, వేలు పెట్టొద్దు.

వేలు పెట్టొద్దు అంటే ముద్ర వేయొద్దని. సంతకం చేసే వీలుంటే ముద్ర ఒప్పుకోరు ఈయన. నా ముందు కూర్చున్న ఒక ముసలావిడకి కాగితం ముక్క ఇచ్చి మూడక్షరాల పేరు పదిసార్లు రాయించారు. ఆవిడ విసుక్కుంది, మేమూ విసుక్కున్నాం. వెనక పదిమంది ఉన్నారు మరి. పదకొండోసారి ఫారం మీదే రాయించారు. అక్షరాలు గడి దాటిపోయాయి గానీ పేరే.

పదకొండేళ్ళు ఒక ప్రైవేటు బడిలో చెప్పారట ఈయన. జీతం ఎంతో చెప్పలేదు, నవ్వారంతే.

నేను వెళ్ళింది సెప్టెంబరు నెలాఖరు, 2024. ఆ నెల 17న భువనేశ్వర్‌లో పథకం మొదలుపెట్టారు. ఊరి ఆడవాళ్ళంతా ఒకేసారి రోడ్డు మీద పడ్డాం. ఆంధ్రా వైపు వాళ్ళ కోసం చెప్తున్నాను: 21 నుంచి 60 ఏళ్ళ లోపు ఆడవాళ్ళకి ఐదేళ్ళలో 50,000 ఇస్తారు. ఏడాదికి పది వేలు, రెండు విడతలు. ఒకటి రాఖీ పున్నమికి, ఇంకొకటి మార్చి 8 మహిళా దినానికి. మొత్తం ఖర్చు 55,825 కోట్లని లెక్క వేశారు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం, ఇన్‌కం టాక్సు ఉంటే రాదు. జగన్నాథుడి చెల్లెలి పేరు పెట్టారు కాబట్టి అన్నగారు పంపిన పసుపు కుంకుమ అని మా వీధిలో అంటారు.

నా వంతు వచ్చేసరికి సర్వర్ పోయింది. వేరే చోట అయితే "రేపు రండి" అని షట్టర్ దింపుతారు. ఈయన కుర్చీ మా వైపు తిప్పి పాఠం మొదలుపెట్టారు. ఆశ్చర్యంగా ఉంటుంది గానీ ఈ షాపులో నాకు బాగా నచ్చింది ఈ అరగంటే.

గోడకి సుభద్ర పోస్టరు అంటించి ఉంది, దాని మీద ముఖ్యమంత్రి మోహన్ చరణ్ మాఝీ ఫొటో. బెంచీ చివర కూర్చున్న ఒక రైతు, కోడలి ఫారం కోసం వచ్చినాయన, "ఈయన కూడా మాష్టరేనట గదా" అన్నాడు. అంతే. మాష్టారు పిల్లల్ని అడిగినట్టు అడగడం మొదలుపెట్టారు. ఏ జిల్లా? ఎవరూ చెప్పలేదు. కెందుఝర్ అని బల్ల మీద రాశారు. ఊరు రాయికలా. సంతాల్ గిరిజన కుటుంబం. తండ్రి వాచ్‌మన్‌గా పనిచేశాడు. ఈయన ఝుంపురాలో సరస్వతీ శిశుమందిర్‌లో పాఠాలు చెప్పాడు. 1997లో సర్పంచ్ అయ్యాడు. మూడేళ్ళకి, అంటే 2000లో, ఎమ్మెల్యే. 2004లో మళ్ళీ.

"ఆ తర్వాత?" అన్నారు మాష్టారు.

"ఆ తర్వాత మొన్న సీఎం" అన్నాడు రైతు.

"మధ్యలో పదేళ్ళు మింగేశావు. సున్నా."

2009 నుంచి 2019 దాకా ఆయన అసెంబ్లీలో లేడు. 2019లో మళ్ళీ గెలిచాడు, 2024లో గెలిచింది 11,577 ఓట్ల తేడాతో. ఈ అంకె మాష్టారికి కంఠతా వచ్చు. ఎందుకండీ ఇంత గుర్తు అంటే, "రాజకీయాలు నాకు పడవమ్మా, కానీ మా కులం వాడు కదా" అన్నారు. కులం అంటే మాష్టర్ల కులం. ఇద్దరి వయసూ ఇంచుమించు ఒకటేనట, మాఝీ పుట్టింది 1972 జనవరిలో. "ఆయన సర్పంచ్‌కి నిలబడ్డ ఏడాది నేను ఏం చేస్తున్నానో తెలుసా? రెండో తరగతిలో ఎన్ని బెంచీలు విరిగాయో లెక్కపెట్టి హెడ్మాష్టరుకి రాసిస్తున్నాను."

నాకు ఆ ఏడాది జూన్ 12 గుర్తొచ్చింది. ఆ రోజు మా ఇంట్లో మిషను తొక్కలేదు. పొద్దున్న తెలుగు చానెల్‌లో గన్నవరం దగ్గర చంద్రబాబు ప్రమాణం, సాయంత్రం ఒడియా చానెల్‌లో జనతా మైదాన్‌లో మాఝీ ప్రమాణం. ప్రధానమంత్రి రెండింటికీ వచ్చాడు. మా ఆయన రిమోట్ పట్టుకుని "ఒకే రోజు ఇద్దరు సీఎంలు మనకే" అని తెగ సంబరపడ్డాడు. మా అత్తగారికి మాత్రం నవీన్ బాబు వెళ్ళిపోయాడన్న దిగులు. 24 ఏళ్ళు చూసిన మొహం మరి. విచిత్రం ఏమిటంటే నవీన్ పట్నాయక్ ముఖ్యమంత్రి అయిందీ 2000లోనే, మాఝీ మొదటిసారి ఎమ్మెల్యే అయిందీ 2000లోనే. అప్పుడు నవీన్ పార్టీ బీజేడీ, మాఝీ పార్టీ బీజేపీ పొత్తులో ఉన్నాయి, మాఝీ కొన్నేళ్ళు ప్రభుత్వ డిప్యూటీ చీఫ్ విప్‌గా కూడా చేశాడు. ఇదీ మాష్టారే చెప్పారు. చీఫ్ విప్ అంటే ఏమిటని ఒకమ్మాయి అడిగితే, "క్లాసు లీడరు. హాజరు చూసేవాడు" అన్నారు. ఇంతకంటే బాగా నాకెవరూ చెప్పలేదు.

పప్పు సంగతి వచ్చినప్పుడు షాపంతా నవ్వింది. 2023 సెప్టెంబరులో అసెంబ్లీలో స్పీకర్ పోడియం మీదకి పప్పు విసిరారన్న ఆరోపణతో మాఝీనీ, ఇంకో ఎమ్మెల్యేనీ సస్పెండ్ చేశారు. బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి కొనే పప్పులో అక్రమాలు జరిగాయని వాళ్ళ గొడవ. తొమ్మిది నెలలు తిరక్కుండా అదే మనిషి ముఖ్యమంత్రి. "విసరడం తప్పా ఒప్పా నేను చెప్పను" అన్నారు మాష్టారు. "కానీ చూడండి, ఎక్కడికి వెళ్ళినా మాష్టరు కళ్ళు పిల్లల కంచం మీదే పడతాయి." రైతు ఒప్పుకోలేదు. "కంచం సంగతి కాదు సారూ, నాకు ధాన్యం క్వింటాకి 3100 వస్తుందా లేదా అది చెప్పండి" అన్నాడు. మద్దతు ధర 2300 మీద రాష్ట్రం 800 కలిపి ఇస్తానన్నది. ఆ లెక్క కూడా బల్ల మీద వేశారు. కానీ రైతు మొహం తేలికపడలేదు. తరుగు తీస్తారు కదా, దాని లెక్క ఏ బల్ల మీదా ఉండదు అన్నాడు. మాష్టారు సుద్దముక్క కింద పెట్టేశారు.

బెంచీ మీద ఒక పెద్దాయన అప్పటిదాకా మాట్లాడలేదు. "రాష్ట్రానికి పెద్ద మనిషిని ఇచ్చింది మా ఊరే ముందు" అన్నాడు. నిజమే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడి రాష్ట్రమైంది, 1937లో దానికి మొదటి ప్రధాని మా రాజా కృష్ణచంద్ర గజపతి. అప్పట్లో ముఖ్యమంత్రిని ప్రధాని అనేవారు. ఇప్పుడున్న మా జిల్లా పేరు ఆయనదే. మా గుణుపురం వైపు గిరిధర్ గమాంగ్ కూడా 1999లో కొన్ని నెలలు ముఖ్యమంత్రిగా చేశాడు. "రాజాగారితో మొదలై వాచ్‌మన్ కొడుకు దాకా వచ్చింది చూడండి" అన్నాడు పెద్దాయన, మెచ్చుకుంటున్నాడో నిట్టూరుస్తున్నాడో తెలీలేదు. ఈలోగా సర్వర్ వచ్చింది.

ఇక నా పని. ముందు నా పాత ఖాతా పక్కన పెట్టమన్నారు. అది మా ఆయనతో కలిపి ఉన్న ఖాతా. దీనికి మన ఒక్కరి పేరు మీద ఉండాలి, ఆధార్ లింక్ అయి ఉండాలి. కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఆధార్‌లో ఉన్న స్పెల్లింగే రాయించమని చీటీ రాసిచ్చారు. "పేరు మార్చుకోవడమా?" అంటే "ఆధార్‌లో మార్చడానికి మీకు నెలలు పట్టొచ్చు, బ్యాంకులో కొత్తది తెరవడానికి ఒక పూట" అన్నారు. ఒక పూట కాదు, మూడు రోజులు పట్టింది. ఇక్కడ ఆయన అంచనా తప్పు. ఇప్పుడు ప్రభుత్వానికి నేను బ, మా అమ్మకి వ.

మళ్ళీ వెళ్ళినప్పుడు వేలిముద్ర పెట్టిస్తారని భయపడ్డాను. సూది పని చేసేవాళ్ళ వేళ్ళు మిషనుకి అందవు, రేషన్ దగ్గర ప్రతి నెలా ఇదే టెన్షన్. కానీ ఇక్కడ ముఖం చూపిస్తే చాలు. "కళ్ళు ఆర్పండమ్మా" అని ఫోను ఎత్తి పట్టుకున్నారు. ఆర్పాను. రెండోసారి ఆర్పాను. వెనక ఎండ పడుతోందని నన్ను జిరాక్స్ మిషను వైపు జరిపారు, మూడోసారికి పచ్చ టిక్కు వచ్చింది. మొబైల్ నంబరు నా చేత రెండుసార్లు చెప్పించారు, రెండోసారి వెనక నుంచి ముందుకి. ఇదేం ఎగ్జామండీ అన్నాను. "మీ నంబరు మీకు రాకపోతే మీ డబ్బు ఎవరికి మెసేజ్ అవుతుంది?" అన్నారు. నాలుగు జిరాక్స్‌లకి ఎనిమిది రూపాయలు. ఫారానికి ఏమీ వద్దన్నారు. పది ఇస్తే రెండు తిరిగి ఇచ్చారు, చాక్లెట్ కాదు, రూపాయలే.

మా అక్కని కూడా తీసుకెళ్ళాను. అక్కదీ ఈ ఊరే, రెండు వీధులవతల. అక్క విషయంలో కథ వేరేగా నడిచింది. ఆ ఏడాది ఈ పథకానికి పుట్టిన తేదీ 1964 జూలై 2 గానీ ఆ తర్వాత గానీ అయి ఉండాలన్నారు. అక్కకి ఆధార్‌లో 1964 జనవరి 1 ఉంది. ఆ రోజుల్లో సగం ఊరు జనవరి 1నే పుట్టింది, మీకూ తెలిసే ఉంటుంది. బళ్ళో చేర్చుకున్న మాష్టరు పిల్లని నిలబెట్టి, చెయ్యి తల మీదుగా అటు చెవి అందుతుందో లేదో చూసి, ఒక సంవత్సరం వేసేవాడు. నెలా తేదీ అడిగితే జనవరి 1. అక్క పుట్టింది అట్లతద్ది ముందు రోజు అని మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. అట్లతద్ది అంటే అక్టోబరు. అంటే అక్క అర్హురాలే, కాగితం మీద మాత్రం కాదు.

మాష్టారు చాలాసేపు ఆ ఆధార్ చూస్తూ కూర్చున్నారు. సరిదిద్దాలంటే రుజువు కావాలి, రుజువంటే ఆ బడి కాగితమే, అందులో ఉన్నదీ అదే తప్పు. "ఎవరో మా వాడు తొందరలో రాశాడు" అన్నారు చివరికి. ఆ మాట అనేటప్పుడు ఆయనకి సిగ్గేసినట్టుంది. తానే రాసినట్టు. అక్క మాత్రం "పోనీలెండి మాష్టారూ, ఆయన ఆ రోజు నన్ను చేర్చుకోకపోతే నాకు ఈ సంతకం కూడా వచ్చేది కాదు" అని లేచి వచ్చేసింది. ఇంటికొచ్చాక ఏడ్చింది. 50,000 అంటే చిన్న మాట కాదు.

మా కోడలి ఆధార్ ఇంకా శ్రీకాకుళం జిల్లా చిరునామాతో ఉంది. అది మార్పించే పని ఇప్పుడు జరుగుతోంది, అదీ ఈ షాపులోనే. అటు పక్క మా మరదళ్ళు ఫోన్ చేసి "మా అమ్మకి పెన్షన్ 4000 చేశారు, మీ దగ్గర ఏమిస్తారు" అని అడుగుతుంటారు. సరిహద్దు ఊళ్ళో ఉంటే ఈ లెక్కలు తప్పవు, ఇంట్లో ఇద్దరు కూతుళ్ళని ఇద్దరు మావగార్ల ఇళ్ళకి ఇచ్చినట్టు.

నాకు మొదటి ఐదు వేలు కార్తీక మాసం చివర్లో పడ్డాయి. 2025 మార్చి 8న రెండోది. మెసేజ్ చూపించడానికి వెళ్తే "చదవండి" అన్నారు. ఇంగ్లీషు అండీ అన్నాను. "అంకెలు ఇంగ్లీషులో కూడా అంకెలే." చదివాను. ఆ డబ్బుతో మిషనుకి మోటారు పెట్టించాను. మోకాళ్ళ నొప్పి తగ్గింది.

ఇక లోపాలు. మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా షట్టర్ వేసి పడుకుంటారు, గేటు ముందు కొండ ఊళ్ళ నుంచి బస్సు దిగి వచ్చిన ఆడవాళ్ళు పిల్లలతో ఎండలో కూర్చునుంటారు. ఇది నాకు అస్సలు నచ్చలేదు, మొహం మీదే చెప్పాను. బోర్డు పెట్టమన్నాను, పెట్టారు, ఒడియాలో. చదవలేనివాళ్ళకే కదా అది కావలసింది. అందరి ముందూ స్పెల్లింగు తప్పులు పట్టుకుంటారు, చదువుకోని వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. మా వీధిలో ఒకావిడ ఆ కోపంతోనే రెండు వందలు ఇచ్చి పక్క షాపులో చేయించుకుంది. పని త్వరగానే అయిపోయిందట, అది కూడా చెప్పాలి. తొందర ఉన్నవాళ్ళు ఈయన దగ్గరకి వెళ్ళకండి. డిజిటల్ చెల్లింపు తీసుకోరు, చిల్లర ఉంచుకోండి. ఆదివారం సెలవు, బడికి ఉన్నట్టే.

ఆ రోజు లేచి వస్తుంటే రైతు అడిగాడు, "మాష్టారూ, మీరూ సర్పంచ్‌కి నిలబడితే?" అని. ఆయన ప్రింటరులో కాగితం సర్దుతూ, "ముందు మీ కోడలి ఫారంలో పిన్ కోడ్ తప్పు రాశారు, అది దిద్దండి" అన్నారు.

ఆధార్, బ్యాంకు పుస్తకం, ఆ రెండింటి జిరాక్స్, ఫోను తీసుకెళ్ళండి. పెన్ను కూడా మీదే పట్టుకెళ్ళండి. ఆయన పెన్ను ఇస్తారు, మూత మాత్రం తన జేబులోనే పెట్టుకుంటారు.